టైమ్‌కోడ్‌కి ‘తెల్లవారితే’ తెలీదు

మన శుభలేఖల్లో ఒక ముచ్చటైన మాట ఉంటుంది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడిందనుకోండి, ‘బుధవారం రాత్రి 1.24 గంటలకు (తెల్లవారితే గురువారం)’ అని వేస్తారు. గోడ మీద క్యాలెండర్ ప్రకారం అప్పటికే గురువారం వచ్చేసింది. పంచాంగం ప్రకారం సూర్యోదయం అయితే గానీ వారం మారదు. ఈ రెండు లెక్కల మధ్య చుట్టాలు తికమకపడి, పెళ్లి అయిపోయిన రాత్రికి బస్సు దిగకుండా బ్రాకెట్లో ఆ చిన్న మాట కాపలా కాస్తుంది.

ఆ పెళ్లిని తీసే కెమెరాకి మాత్రం అలాంటి కాపలా లేదు. దాని గడియారం 23 గంటల 59 నిమిషాల 59 సెకన్లు దాటగానే మళ్లీ సున్నా. నిన్నటి సున్నాకి, ఇవాళ్టి సున్నాకి దాని దృష్టిలో తేడా లేదు.

గుడివాడ దగ్గర ఒక రాత్రి పెళ్లి అనుకోండి. నాలుగు కెమెరాలు. సాయంత్రం ఏడింటికి ఎదురుకోలు మొదలు, పదకొండున్నరకి గౌరీ పూజ, ఒంటిగంటా ఇరవై నాలుగుకి జీలకర్ర బెల్లం, నాలుగింటికి అప్పగింతలు. వారం తర్వాత కార్డులన్నీ విజయవాడలో మిక్సింగ్ చేసే కుర్రాడి దగ్గరికి వస్తాయి. అతను క్లిప్పులన్నిటినీ టైమ్‌కోడ్ ప్రకారం వరసలో పెట్టమని సాఫ్ట్‌వేర్‌కి చెబుతాడు. అది బుద్ధిగా పెడుతుంది: మొదట జీలకర్ర బెల్లం, తర్వాత మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, ఆ తర్వాత తీరిగ్గా ఎదురుకోలు! పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లిపోయాక పెళ్లికొడుకు ఊరేగుతూ వస్తాడు.

వరస తప్పితే నవ్వుకుని సరిచేసుకోవచ్చు. ఇక్కడ భయపడాల్సింది వేరే ఉంది. రాత్రి 11.50కి మొదలైన క్లిప్పు ఒకటి, 12.05కి మొదలైనది ఇంకొకటి. మనకి వాటి మధ్య దూరం పదిహేను నిమిషాలు. సాఫ్ట్‌వేర్‌కి దాదాపు ఇరవై నాలుగు గంటలు. ఆ రెంటినీ ఒకే టైమ్‌లైన్ మీద కలపమంటే ఒకటి ఈ చివర, ఇంకొకటి ఆ చివర పడుతుంది. మధ్యలో ఖాళీ. ఒత్తిడిలో ఉన్న మనిషి ఆ చివరకి జరిపి చూడకపోతే, ఒక కెమెరా ముహూర్తాన్ని అసలు తీయలేదనే అనుకుంటాడు. ‘ఆ యాంగిల్ రాలేదండీ’ అంటాడు. వచ్చింది. ఉంది. కాకపోతే అది నిన్నలో ఉంది.

ఇంతకీ ఈ ఇరవై నాలుగు గంటల కంచె ఎవరు కట్టారు?

కథ టేపుల కాలంలో మొదలైంది. సినిమా ఫిల్ముకి ఈ గొడవ లేదు, దాన్ని అడుగుల్లో కొలిచేవాళ్లు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి పదహారు ఫ్రేములు, వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. మన గాంధీనగర్ పంపిణీ ఆఫీసుల్లో పెట్టెలు మోసిన పాతతరాన్ని అడిగితే నిద్రలో కూడా చెబుతారు. వీడియో టేపు మీద అడుగులు కొలవడానికి కంటికి ఫ్రేము కనబడదు. అందుకని 1967లో అమెరికాలో ఈకో అనే కంపెనీ ప్రతి ఫ్రేముకీ ఒక చిరునామా రాసే పద్ధతి తెచ్చింది. తర్వాత సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఎంపీటీఈ దాన్ని ప్రమాణం చేసింది. గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు. నాలుగు జతల అంకెలు. ఇదే టైమ్‌కోడ్.

టేపు అంచున పాటలాగా రికార్డయ్యే ఆ సంకేతంలో ఒక్కో ఫ్రేముకి 80 బిట్లు. అందులో టైము రాసుకోవడానికి దక్కినవి 26. ఒక్కో అంకెకీ విడివిడిగా గది కేటాయించారు. గంటల్లో పదుల స్థానానికి ఇచ్చింది రెండే బిట్లు. రెండు బిట్లలో సున్నా నుంచి మూడు దాకా పడుతుంది. రోజులో ఇరవై మూడు దాటే గంట లేదు కాబట్టి అది చాలనుకున్నారు. ఫ్రేముల పదుల స్థానానికి కూడా రెండే. అంటే 39కి మించి ఫ్రేము నంబరు రాయలేరు. ఇప్పుడు మనవాళ్లు స్లో మోషన్ కోసం సెకనుకి 50, 60 ఫ్రేములు తీస్తున్నారు కదా, వాటికి రెండేసి ఫ్రేములకి ఒకే నంబరు ఇచ్చి, ‘ఇది మొదటిది, ఇది రెండోది’ అని పక్కన చిన్న గుర్తు పెట్టుకుని నెట్టుకొస్తున్నారు. పాత ఇంట్లో కొత్త కాపురం.

మన దేశం టీవీ లెక్క సెకనుకి 25 ఫ్రేములు. రోజుకి 21,60,000 ఫ్రేములు. ఆఖరి చిరునామా 23:59:59:24. ఆ తర్వాత సున్నాలే.

మీకో అనుమానం రావాలి. టేపులు పోయి ఇరవై ఏళ్లవుతోంది కదా, ఇప్పుడు కార్డులో ఫైలుగా పడుతున్న వీడియోకి కూడా ఆ పాత రెండు బిట్ల దారిద్ర్యం ఎందుకు?

ఇక్కడే అసలు తమాషా. క్విక్‌టైమ్ తరహా ఫైలులో టైమ్‌కోడ్‌కి ప్రత్యేకంగా ఒక ట్రాకు ఉంటుంది. అందులో ప్రతి ఫ్రేముకీ చిరునామా రాయరు. క్లిప్పు మొదలైన ఫ్రేము నంబరు ఒక్కటే 32 బిట్ల అంకెగా రాస్తారు, మిగతావి లెక్కపెట్టుకోమంటారు. రాత్రి 11.40కి రికార్డింగ్ నొక్కితే ఆ అంకె 21,30,000. సరిగ్గా ఇరవై నిమిషాల తర్వాత 21,60,000కి చేరుతుంది. ఆ గది సైజు చూస్తే, సెకనుకి 25 చొప్పున రెండున్నరేళ్లకు పైగా ఆపకుండా లెక్కపెట్టినా నిండదు. చోటు బోలెడుంది. కానీ పక్కనే ఇంకో చిన్న గుర్తు ఉంటుంది: ‘ఇరవై నాలుగు గంటలకి తిరిగి సున్నా చెయ్యి’ అని. టేపు పోయింది, టేపు రాసిన వీలునామా మిగిలింది. ఆ గుర్తుని కొన్ని సాఫ్ట్‌వేర్లు గౌరవిస్తాయి. అది లేనప్పుడు 24:00:00:00 అని, 25 అని పైకి లెక్కపెట్టుకుంటూ పోయేవీ ఉన్నాయి. ఒకే క్లిప్పు రెండు సిస్టమ్‌లలో రెండు రకాలుగా కనబడటానికి ఇదొక కారణం.

నిజం చెప్పాలంటే ‘తెల్లవారితే’ రాసుకోవడానికి టైమ్‌కోడ్‌లో చోటు మొదట్నుంచీ ఉంది. ఆ 80 బిట్లలో 32 బిట్లని యూజర్ బిట్స్ అని వాడేవాళ్ల ఇష్టానికి వదిలేశారు. ఎనిమిది అంకెలు పడతాయి, తేదీకి సరిపోయేన్ని. చాలా కెమెరాల మెనూలో ‘యూబీ’ అన్న పేరుతో ఇప్పటికీ కనబడుతుంది. కాకపోతే దాన్ని ఒకరు నింపాలి, అవతల మిక్సింగ్‌లో ఇంకొకరు తెరిచి చూడాలి. రెండూ జరిగిన పెళ్లి అరుదు.

ఇంకో లెక్క చూడండి, ఇది కూడా పెళ్లిళ్లలో తరచుగా తగిలేదే. స్లో మోషన్ బాగుంటుందని కొందరు కెమెరాని అమెరికా పద్ధతికి, అంటే ఎన్‌టీఎస్‌సీకి మార్చేస్తారు. అప్పుడు సెకనుకి 30 అని పైకి చెప్పినా నిజంగా పడేవి 29.97. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మండపంలో ట్యూబ్‌లైట్లు మిణుకు మిణుకుమనడం ఒక సమస్య, అది అందరికీ కనబడుతుంది. కనబడనిది టైమ్‌కోడ్. 30 అనుకుని లెక్కపెడితే గంటకి 108 ఫ్రేములు, అంటే 3.6 సెకన్లు గడియారం కన్నా వెనకబడుతుంది. దీన్ని సర్దడానికి ‘డ్రాప్ ఫ్రేమ్’ అని ఒకటి పెట్టారు. పేరు చూసి బొమ్మలు పోతాయని కంగారు పడకండి, ఒక్క ఫ్రేము కూడా పోదు. ప్రతి నిమిషం మొదట్లో రెండు నంబర్లు దాటేస్తారు, పదో నిమిషానికి మాత్రం దాటరు. గంటలో 54 సార్లు, రెండేసి చొప్పున 108. లెక్క సరి.

ఒక కెమెరా డ్రాప్‌లో, ఇంకోటి నాన్ డ్రాప్‌లో ఉండి, రెంటినీ సాయంత్రం ఆరింటికి కలిపి వదిలేశారనుకోండి. రాత్రి రెండింటికి వాటి మధ్య దాదాపు 29 సెకన్ల తేడా. ఒకదాంట్లో అడ్డుతెర ఉంటుంది, ఇంకోదాంట్లో తీసేసి ఉంటారు.

ఇక నిడివి పరిమితులు. వీటికి టైమ్‌కోడ్‌తో నేరుగా చుట్టరికం లేదు గానీ, ముహూర్తం మింగేసే విషయంలో అన్నదమ్ములే. ఫ్యాట్‌32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డులో ఒక ఫైలు 4,29,49,67,295 బైట్లు దాటకూడదు. వాడుకలో 4 జీబీ అంటారు. సెకనుకి 100 మెగాబిట్ల నాణ్యతతో తీస్తే అది 5 నిమిషాల 43 సెకన్లలో నిండుతుంది. కెమెరా దానంతటదే ముక్కలు చేసుకుంటూ పోతుంది, ఆ ముక్కలన్నీ కలిసి ఉంటేనే అర్థం. ‘ఈ చిన్నదెందుకు’ అని మధ్యలో ఒకటి కాపీ చేయకపోతే వేదమంత్రం మధ్యలో తెగుతుంది. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి కాబట్టి ఆ కంచె లేదు. అయినా కొన్ని కెమెరాలు అలవాటు మానలేదు.

29 నిమిషాల 59 సెకన్ల కథ ఇంకా విచిత్రం. చాలా ఫోటో కెమెరాలు సరిగ్గా అక్కడ ఆగిపోతాయి. ఇంజనీరింగ్ కారణం కాదు. అరగంట, ఆపైన రికార్డు చేసేదాన్ని యూరప్‌లో వీడియో కెమెరాగా లెక్కేసి సుంకం వేసేవాళ్లు. ఆ పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు ఒక సెకను ముందే ఆపేశాయి. బ్రస్సెల్స్ కస్టమ్స్ వాళ్ల పట్టిక పుణ్యమా అని, పామర్రు కళ్యాణ మండపంలో స్టాండు మీద పెట్టి వదిలేసిన కెమెరా తాళి కట్టేవేళకి నిద్రపోతుంది. మంచి టీములు ముహూర్తానికి అయిదు నిమిషాల ముందు ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడతాయి, అన్ని కెమెరాలనీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి.

ఇప్పుడు ఫైలు లోపలి సంగతికి వద్దాం. టైమ్‌కోడ్ పైకి కనబడే చిరునామా. లోపల, ఏ బొమ్మ ఎప్పుడు తెర మీద పడాలో చెప్పే లెక్క ఇంకోటి ఉంటుంది. ఒక్కో ఫార్మాట్‌ది ఒక్కో పద్ధతి, ఒక్కో హద్దు.

ఎంకేవీ ఫైళ్లు మీకు తెలిసే ఉంటాయి. బందరు రోడ్డు మీద కిలోమీటరు రాళ్లలాంటి ఏర్పాటు దీనిది. ‘విజయవాడ నుంచి ఇన్ని వేల మీటర్లు’ అని ప్రతి ఇంటికీ రాయకుండా, ‘ఉయ్యూరు రాయి నుంచి రెండొందల మీటర్లు’ అన్నట్టు. క్లస్టర్ అనే గుంపుకి పూర్తి టైము ఒకసారి రాస్తారు. లోపలి బొమ్మలకి ఆ రాయి నుంచి ఎంత దూరమో చాలు. ఆ దూరానికి 16 బిట్లు. ముందుకి 32,767, వెనక్కి 32,768. మామూలుగా లెక్క మిల్లీసెకన్లలో ఉంటుంది కాబట్టి ఒక రాయి నుంచి ముందుకి 32.7 సెకన్ల మేర మాత్రమే కొలవగలరు. అది దాటేలోపు కొత్త రాయి పాతాలి. ఇంకా సూక్ష్మంగా, మైక్రోసెకన్లలో కొలుద్దామంటే రాళ్ల మధ్య దూరం 32 మిల్లీసెకన్లకి పడిపోతుంది, ఒక ఫ్రేముకో రాయి. అందుకే అందరూ మిల్లీసెకన్లతో సర్దుకుంటారు. మన 25 ఫ్రేముల లెక్కకి ఇబ్బంది లేదు, ఒక్కోటి సరిగ్గా 40 మిల్లీసెకన్లు. 29.97కి మాత్రం ఒక్కోటి 33.37 దగ్గర తేలుతుంది. దాన్ని 33, 34, 33 అని సర్ది రాస్తారు. చూసేవాళ్లకి తెలియదు. టైము నుంచి ఫ్రేము నంబరు వెనక్కి లెక్కేసే సాఫ్ట్‌వేర్ జాగ్రత్తగా లేకపోతే ఒక ఫ్రేము అటూ ఇటూ అవుతుంది. ఇంకో మాట: ఈ ఎంకేవీ పద్ధతిలో పూర్వం ఈ అంకెల పేరు కూడా ‘టైమ్‌కోడ్’ అనే ఉండేది. పైన చెప్పిన నాలుగు జతల టైమ్‌కోడ్‌తో కలగాపులగం అవుతోందని తర్వాత ‘టైమ్‌స్టాంప్’ అని మార్చారు. మంచి పని చేశారు.

ఎంపీఫోర్‌లో ‘సెకనుని ఎన్ని ముక్కలు చేయాలి’ అన్నది ఫైలే చెప్పుకుంటుంది. 90,000 ముక్కలు చేసి, నిడివిని 32 బిట్లలో రాస్తే 13 గంటల 15 నిమిషాల 21 సెకన్లకి గది నిండిపోతుంది. మెహెందీ నుంచి అప్పగింతల దాకా లైవ్ మిక్సింగ్‌ని ఒకే ఫైలుగా రికార్డు చేసేవాళ్లు ఆ గీత దాటే అవకాశం ఉంది. 64 బిట్ల రకం కూడా అదే ఫార్మాట్‌లో ఉంది, దాని సామర్థ్యం అదే లెక్కన 65 లక్షల సంవత్సరాలు. ఏ రకం వాడాలో సాఫ్ట్‌వేర్ సమయానికి గుర్తించాలి, అంతే.

కేబులు, డిష్ ద్వారా ఇంటికొచ్చే సిగ్నల్‌ది మూడో దారి. ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ అంటారు. అందులో 33 బిట్ల గడియారం, సెకనుకి 90,000 టిక్కులు. 26 గంటల 30 నిమిషాల 43 సెకన్లకి ఒకసారి సున్నాకొస్తుంది. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు జరిగాయి కదా, పన్నెండు రోజులు. ఘాటు దగ్గర ఒక కెమెరా పెట్టి ఆ పన్నెండు రోజులూ ఆపకుండా పంపితే ఆ గడియారం పదిసార్లు మొదటికొస్తుంది. మీ టీవీకి ఈ సంగతి ముందే తెలుసు, అంకె హఠాత్తుగా చిన్నదైతే ‘ఓహో, చుట్టు తిరిగింది’ అనుకుని ముందుకెళ్తుంది. రికార్డు చేసుకున్న ఫైలుని కోసి అతికించే సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి ఆ తెలివి ఉండదు. అరగంట హారతి ముక్కని 26 గంటల వీడియోగా చూపించేది అప్పుడే.

తేదీల సంగతి కూడా చెప్పేస్తాను. ఎంపీఫోర్‌లో ‘ఫైలు ఎప్పుడు పుట్టింది’ అన్నది 1904 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా రాస్తారు. 32 బిట్ల రకమైతే 2040 ఫిబ్రవరి 6న మన టైము ఉదయం 11 గంటల 58 నిమిషాల 15 సెకన్లకి అయిపోతుంది. ఆ టైము మన టైములో కాక గ్రీనిచ్ లెక్కలో రాయాలన్నది నియమం. ఫోన్లు పాటిస్తాయి, చాలా కెమెరాలు ఇక్కడి టైమునే రాసేస్తాయి. అందుకే బావమరిది ఫోన్లో తీసిన ముక్కకి, కెమెరా ముక్కకి అయిదున్నర గంటల తేడా వస్తుంది. గురువారం తెల్లవారుజామున 1.24 అంటే గ్రీనిచ్‌లో ఇంకా బుధవారం రాత్రి 7.54. ఫోను ఫైలు లోపల చూస్తే ముహూర్తం బుధవారమే జరిగినట్టు ఉంటుంది. పంచాంగమూ గ్రీనిచ్చూ ఒక మాట మీద నిలబడటం ఎప్పుడో గానీ చూడం.

పెళ్లి వీడియోలో తేడా వస్తే బాధ. సీసీటీవీలో వస్తే కేసే పోవచ్చు. దుకాణంలో డీవీఆర్‌కి లోపల చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయి కరెంటు పోతే తేదీ ఏ 2000కో, 1970కో వెళ్లిపోతుంది. బొమ్మ మూలన కనబడే టైము ఆ గడియారం చెప్పిందే. దొంగతనం ఆదివారం జరిగితే తెర మీద ఇంకేదో రోజు ఉంటుంది. 2024 జూలై 1 నుంచి పాత 65బి స్థానంలో భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ వచ్చింది. ఇలాంటి రికార్డుకి ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ ఆ ఫైలు మారలేదని చెబుతుంది గానీ లోపలి గడియారం నిజమని చెప్పదు. కాబట్టి ఫుటేజీ తీసేటప్పుడే డీవీఆర్ తెర మీది టైమునీ, పక్కన ఫోన్లో అసలు టైమునీ కలిపి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తేడా ఎంతో అప్పుడే తేలిపోతుంది. అన్నట్టు, 32 బిట్లతో నడిచే పాత డీవీఆర్‌లు కొన్ని 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి తప్పటడుగు వేస్తాయి. ఇప్పుడు కొనేవాళ్లు ఆ మాట అడిగి కొనడం నయం.

మళ్లీ పెళ్లికి వస్తే, రాత్రి ముహూర్తాలకి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. సాయంత్రం అయిదింటికి అన్ని కెమెరాల టైమ్‌కోడ్‌నీ ‘ఫ్రీ రన్’లో పెట్టి, 17:00 అని కాకుండా 05:00:00:00 అని మొదలుపెట్టండి. గోడ గడియారంలో కనబడేదే. అర్ధరాత్రికి 12 అవుతుంది, ముహూర్తానికి 13.24, అప్పగింతలకి 16. సున్నా దారిలో తగలదు. కార్డులు కాపీ చేసేటప్పుడు ఒక్కో కెమెరాకి ఒక్కో ఫోల్డరు పెట్టండి. నాలుగు కెమెరాల్లోనూ ఒకే పేరుతో ఫైళ్లుంటాయి, ‘రీప్లేస్ చేయమంటారా’ అన్న ప్రశ్నకి నిద్రమత్తులో అవునని నొక్కితే టైమ్‌కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

డ్రోన్లకీ, చుట్టాల ఫోన్లకీ టైమ్‌కోడ్ పెట్టడం కుదరదు. వాటిని శబ్దంతో కలపాలి. ఇంగ్లీషు సినిమాల్లో చెక్క పలక కొడతారు, మనకి గట్టిమేళం ఉంది. సన్నాయీ డోలూ ఒక్కసారిగా ఎత్తుకునే ఆ క్షణం మండపంలో ప్రతి మైకులోనూ నిట్టనిలువుగా లేచి కనబడుతుంది. డ్రోన్ దగ్గర మాత్రం రెక్కల రొద తప్ప ఏమీ వినబడదు, దాన్ని బొమ్మ చూసి చేత్తోనే జరపాలి. శబ్దం ఒక ఫ్రేము కాలంలో, అంటే 40 మిల్లీసెకన్లలో, దాదాపు 14 మీటర్లు వెళ్తుంది. భోజనాల వైపు గుమ్మం దగ్గర నిలబెట్టిన కెమెరా డోలుకి 28 మీటర్ల దూరంలో ఉంటే గట్టిమేళం అక్కడికి రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. శబ్దంతో కలిపాక ఆ కెమెరాని ఆ రెండు ఫ్రేములు ఆలస్యం వైపు జరిపితే తాళి పడిన క్షణం నాలుగు వైపులా ఒక్కటే అవుతుంది.